హెచ్‌ఐవీ ఉంటే లైట్ ట్రీట్‌మెంట్ చేయకూడదా?

"హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి లైట్ పెట్టకూడదండీ, వైరస్ లేచి కూర్చుంటుంది." ఈమధ్య మన వైజాగ్‌లోనే ఒక ప్రైవేటు స్కిన్ క్లినిక్‌లో డాక్టరుగారు మా తమ్ముడితో అన్న మాట ఇది. లైట్ అంటే తమ్ముడికున్న సోరియాసిస్ లాంటి చర్మరోగాలకి అల్ట్రావయొలెట్ కాంతి పెట్టే ట్రీట్‌మెంట్. పక్కనే ఉన్నాను కాబట్టి నేనూ విన్నాను. అప్పటి నుంచి దీని మీద దొరికినవన్నీ చదువుతున్నాను, తెలిసిన డాక్టర్లని అడుగుతున్నాను. స్కూల్లో పిల్లలకి బయాలజీ చెప్పేదాన్ని కాబట్టి పేపర్లు చదవడం కొంచెం అలవాటే. ఇప్పుడు నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను, ఏఆర్‌టీ మందులు (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు) సరిగ్గా వాడుతూ వైరస్ అదుపులో ఉన్న మనిషికి హెచ్‌ఐవీ ఉందన్న ఒక్క కారణంతో లైట్ ట్రీట్‌మెంట్ కాదనడం తప్పు. వైద్యం ప్రకారం తప్పు, చట్టం ప్రకారం కూడా తప్పు. అయితే ఇందులో నిజంగా ఆలోచించాల్సిన విషయాలు వేరే ఉన్నాయి, వాటి గురించి ఆ క్లినిక్‌లో ఎవరూ ఒక్క ముక్క కూడా అడగలేదు, నా బాధంతా అదీ.

తమ్ముడంటే మా పిన్ని కొడుకు. ఫిషింగ్ హార్బర్ దగ్గర పని. రాస్తానంటే "పేరెట్టకు గానీ మిగతాదంతా రాయక్కా" అన్నాడు. అతనికి హెచ్‌ఐవీ ఉందని బయటపడిందే సోరియాసిస్ వల్ల. ఒక్కసారిగా ఒళ్లంతా పొలుసులు, తల నుంచి పిక్కల దాకా, చొక్కా విప్పితే నేల మీద రాలేవి. ఇంత హఠాత్తుగా ఇంత తీవ్రంగా రావడం చూసి ఒక డాక్టరుగారికి అనుమానం వచ్చి రక్తపరీక్ష రాశారు. ఏఆర్‌టీ మొదలయ్యాక కొన్ని నెలల్లో చాలా వరకు తగ్గింది, తర్వాత మోచేతులు, వీపు, కాళ్ల మీద మళ్లీ మొండిగా వచ్చి కూర్చుంది. ఆయింట్‌మెంట్లకి లొంగలేదు. వైరల్ లోడ్ రిపోర్టులో మాత్రం "టార్గెట్ నాట్ డిటెక్టెడ్" అని ఉంది, అంటే రక్తంలో వైరస్ పరీక్షకి అందనంత తక్కువ.

సోరియాసిస్ అంటే ఇమ్యూనిటీ అతిగా పనిచేయడం కదా, హెచ్‌ఐవీలో ఇమ్యూనిటీ పడిపోతుంది కదా, మరి పడిపోయినప్పుడు ఇది తగ్గాలి గానీ పెరగడమేంటి అని నాకు మొదట్లో అర్థమయ్యేది కాదు. హెచ్‌ఐవీ దెబ్బతీసే ఇమ్యూనిటీ కణాలైన సీడీ4 తగ్గినప్పుడు అదుపు తప్పి, ఇంకో రకం ఇమ్యూనిటీ కణాలైన సీడీ8 వైపు తూకం మొగ్గుతుంది, చర్మంలో గొడవ ఎక్కువవుతుంది, ఇలా వివరిస్తారు. ఇంకా పూర్తిగా తేలని విషయమే ఇది. ఏమైనా వైరస్‌ని అదుపు చేస్తే చర్మం కూడా చాలామందిలో కుదుటపడుతుంది, కానీ అందరిలో పూర్తిగా కాదు.

ఆ భయం ఎక్కడి నుంచి వచ్చింది

ఆ క్లినిక్ డాక్టరుగారు ఉత్తినే కల్పించి చెప్పారని నేను అనను. 1988లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ల్యాబ్‌లో పెంచిన మనిషి కణాల్లో హెచ్‌ఐవీ తాలూకు స్విచ్ లాంటి జీన్ ముక్కని పెట్టి, వాటి మీద అల్ట్రావయొలెట్ కాంతి వేస్తే ఆ స్విచ్ ఆన్ అయింది. కాంతి డీఎన్‌ఏని దెబ్బతీస్తుంది, ఆ దెబ్బకి కణం స్పందిస్తుంది, ఆ స్పందనలో భాగంగా వైరస్ జీన్లు కూడా మేల్కొంటాయి అని. దీనికి తోడు యూవీబీ కిరణాలు (అల్ట్రావయొలెట్‌లో ఒక రకం, లైట్ ట్రీట్‌మెంట్‌లో వాడేవి) చర్మంలో ఇమ్యూనిటీని కొంచెం అణుస్తాయన్నది ముందు నుంచీ తెలిసిందే, అసలు సోరియాసిస్‌కి అది పనిచేసేదే అందుకు. ఈ రెండూ కలిపి చూసిన ఏ డాక్టరుకైనా ఆ రోజుల్లో భయం వేయడం సహజం. అప్పటికి హెచ్‌ఐవీకి గట్టి మందు లేదు కూడా.

కానీ అదే 1988లో ఇంకో సంగతి కూడా జరిగింది. ఎయిడ్స్ రోగుల్లో వెంట్రుకల కుదుళ్ల చుట్టూ విపరీతమైన దురదతో వచ్చే పొక్కులకి (ఇసినోఫిలిక్ ఫాలిక్యులైటిస్ అంటారు) యూవీబీ లైట్ బాగా పనిచేసిందని డాక్టర్లు రిపోర్ట్ చేశారు. అంటే ల్యాబ్‌లో భయపెట్టే ఫలితం వచ్చిన ఏడాదే ఆసుపత్రిలో ఉపశమనం కూడా కనిపించింది. తర్వాత 1990ల్లో హెచ్‌ఐవీ ఉన్న మనుషుల మీదే లైట్ పెట్టి, సీడీ4 ఏమవుతోంది, వైరస్ ఏమవుతోంది అని చూసిన స్టడీలు కొన్ని వచ్చాయి. ఎక్కువ వాటిలో సీడీ4 పడిపోలేదు, జబ్బు ముదరలేదు, చర్మం మాత్రం బాగుపడింది. కొందరిలో వైరస్ గుర్తులు కాస్త పెరిగినట్టు కనిపించిన మాట కూడా ఉంది, దాన్ని దాచను. అయితే అప్పట్లో ఇప్పటి మందులు లేవు.

ఈ ముక్క దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. సరే, లైట్ వల్ల చర్మంలో ఒక కణంలో నిద్రపోతున్న వైరస్ మేల్కొందనే అనుకుందాం, అప్పుడేమవుతుంది? మా తమ్ముడు రోజూ వేసుకునే మాత్రలో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ ఉంటాయి. మొదటి రెండూ వైరస్ తన ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా మార్చుకోకుండా ఆపుతాయి, మూడోది ఆ డీఎన్‌ఏ మన కణంలో అతుక్కోకుండా ఆపుతుంది. మేల్కొన్న వైరస్ బయటికి వచ్చినా పక్క కణంలో కాపురం పెట్టలేదు. మందులు మానేసిన మనిషికీ, మానకుండా వేసుకునే మనిషికీ తేడా ఇక్కడే ఉంది, 1988 నాటి భయాన్ని ఇవాళ్టి మనిషికి అలాగే తొడిగితే ఎలా?

2010లో అమెరికాలోని నేషనల్ సోరియాసిస్ ఫౌండేషన్ మెడికల్ బోర్డు హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో సోరియాసిస్‌ని ఎలా ట్రీట్ చేయాలో రాసింది. కొంచెంగా ఉంటే పైపూత మందులు. మధ్యస్థంగా, తీవ్రంగా ఉంటే ఏఆర్‌టీతో పాటు మొదట ఎంచుకోవాల్సింది లైట్ ట్రీట్‌మెంట్. దానికి లొంగకపోతే అసిట్రెటిన్ లాంటి మాత్రలు. ఇమ్యూనిటీని తగ్గించే మెథోట్రెక్సేట్, సైక్లోస్పోరిన్ లాంటివి ఇంకే దారీ లేనప్పుడు, చాలా జాగ్రత్తగా.

ఇప్పుడు మా తమ్ముడి చీటీలో ఆ క్లినిక్‌లో ఏం రాశారో చెప్పనా? మెథోట్రెక్సేట్. ఇమ్యూనిటీ దెబ్బతింటుందని లైట్ వద్దన్న చోటే, ఇమ్యూనిటీని నేరుగా అణిచేసే మాత్ర రాశారు. లివర్ టెస్ట్ రాయలేదు, హెపటైటిస్ బీ ఉందా అని అడగలేదు, మందు తాగుతావా అని కూడా అడగలేదు. అందుకే ఆ "వైరస్ లేస్తుంది" అన్నది అసలు కారణమేనా అని నాకు అనుమానం. మేం లేచి వస్తుంటే అక్కడి అసిస్టెంట్ అబ్బాయి తమ్ముడు కూర్చున్న కుర్చీకి స్ప్రే కొట్టాడు. పక్క పేషెంట్ కుర్చీకి కొట్టలేదు. "సూసేవా అక్కా" అన్నాడు తమ్ముడు, అంతే, బండెక్కేదాకా మళ్లీ మాట్లాడలేదు.

లైట్ ఛాంబర్‌లో నిలబడితే హెచ్‌ఐవీ ఒకరి నుంచి ఒకరికి అంటదు, అంటడానికి దారే లేదు. గాగుల్స్ ఎవరివి వాళ్లకి ఉండాలి, పట్టుకునే చోట ప్రతి మనిషి తర్వాతా తుడవాలి. అది అందరికీ ఉన్న శుభ్రత, ఒకళ్లకి మాత్రమే చేసేది కాదు.

మరి ఎండ సంగతేంటి

నాకు ఇంకో ప్రశ్న కూడా ఉంది. మా తమ్ముడు పొద్దున్న నుంచి హార్బర్‌లో ఎండలోనే ఉంటాడు. మే నెలలో వైజాగ్ ఎండ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ ఎండలోనూ యూవీబీ ఉంది, పైగా కొలత లేదు, టైమర్ లేదు. నువ్వు హెచ్‌ఐవీ మనిషివి, ఎండలో పని మానెయ్ అని ఏ డాక్టరూ చెప్పలేదు. మెషీన్‌లో వచ్చేది నారోబ్యాండ్ యూవీబీ, 311 నానోమీటర్ల చుట్టూ ఉన్న చిన్న పట్టీ. సెకన్లతో మొదలుపెట్టి, చర్మం ఎర్రబడుతోందా చూసుకుంటూ కొంచెం కొంచెంగా పెంచుతారు. కళ్లకి గాగుల్స్, మర్మాంగాలకి గుడ్డ. చర్మంలో పై పొర దాటి పెద్దగా లోపలికి పోదు. లెక్కలేని ఎండ పరవాలేదట, లెక్కగట్టిన లైట్ ప్రమాదమట!

అలాగని "ఎండ ఉండగా మెషీన్ ఎందుకు, మధ్యాహ్నం బీచ్‌లో నిలబడితే పోలే" అనే సలహా కూడా నేను ఒప్పుకోను. మా పెదనాన్న ఇదే అన్నారు. మన దేశంలో బొల్లికి బావంచాలు వాడి ఎండలో కూర్చోబెట్టడం ఎప్పటి నుంచో ఉన్నదే, ఆ గింజల్లో ఉండే సోరాలెన్ జాతి మందునే తర్వాత పూవా ట్రీట్‌మెంట్‌లో (సోరాలెన్ మందు ఇచ్చి యూవీఏ కాంతి పెట్టే పద్ధతి) వాడారు. కాంతితో చర్మరోగం నయం చేసినందుకు నీల్స్ ఫిన్సెన్‌కి 1903లోనే నోబెల్ వచ్చింది. కాబట్టి పెదనాన్న మాటలో మూలం తప్పు కాదు. కానీ ఎండలో డోసు మన చేతిలో ఉండదు, మన ఊరి ఉక్కపోతకి చెమటతో దురద రెట్టింపవుతుంది, పొలుసుల చర్మం కాలితే సోరియాసిస్ ఆ కాలిన చోటికీ పాకొచ్చు. బావంచాలు సొంతంగా పూసుకుని ఎండలో నిలబడితే బొబ్బలెక్కడం ఖాయం. దయచేసి ఎవరూ చేయొద్దు.

నిజంగా అడగాల్సింది సెప్ట్రాన్ గురించి

లైట్ అందరికీ కళ్లు మూసుకుని పెట్టేయొచ్చని నేను అనడం లేదు. సీడీ4 తక్కువగా ఉన్నవాళ్లకి ఏఆర్‌టీ సెంటర్లలో సెప్ట్రాన్ బిళ్ల ఇస్తారు కదా, అదే కోట్రైమోక్సజోల్, న్యుమోనియా లాంటివి రాకుండా. ఆ మందు కొంతమందికి చర్మాన్ని కాంతికి సున్నితం చేస్తుంది, మామూలు డోసుకే ఒళ్లు కందిపోవచ్చు. అది వాడుతున్నారని తెలిస్తే డాక్టరు ఇంకా తక్కువతో మొదలుపెడతారు, లేదంటే సీడీ4 పెరిగి ఆ బిళ్ల ఆపేదాకా ఆగుతారు. అసలు హెచ్‌ఐవీ ముదిరినప్పుడు ఏ మందూ లేకుండానే కొందరికి ఎండ పడదు, ముఖం, మెడ, చేతులు నల్లగా మందంగా అయిపోతాయి. వాళ్లకి లైట్ పెడితే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే.

ఇప్పుడే హెచ్‌ఐవీ అని తెలిసి, సీడీ4 బాగా పడిపోయి, ఇంకా మందులు మొదలుపెట్టని మనిషి అయితే ముందు ఏఆర్‌టీ. 2017 నుంచి మన దేశంలో సీడీ4 ఎంతున్నా, పాజిటివ్ అని తేలితే చాలు, మందులు మొదలుపెడుతున్నారు. చాలామందికి దానితోనే చర్మం సగం బాగుపడుతుంది, లైట్ అవసరమే రాకపోవచ్చు. మందులు మొదలైన కొత్తలో ఇమ్యూనిటీ తిరిగి లేచేటప్పుడు చర్మం ఇంకా రేగడం కూడా ఉంటుంది, అది చూసి మందులు మానేసేవాళ్లున్నారు, అంతకంటే ఘోరం ఉండదు.

స్కిన్ క్యాన్సర్ మాటేమిటని నన్ను ఒక ఫ్రెండ్ అడిగింది. న్యాయమైన ప్రశ్న. పూవా ఎక్కువ కాలం తీసుకున్న తెల్లవాళ్లలో క్యాన్సర్ పెరిగిన మాట నిజం. నారోబ్యాండ్ యూవీబీతో అలాంటిది ఇప్పటిదాకా స్పష్టంగా కనిపించలేదు, మన రంగు చర్మానికి ఆ ముప్పు ఎలాగూ తక్కువ. కానీ హెచ్‌ఐవీ ఉన్నవాళ్లని పదేళ్లు, ఇరవయ్యేళ్లు వెంబడించి చూసిన పెద్ద స్టడీల మీద నిలబడి చెప్పే మాట కాదిది, ఉన్నవన్నీ చిన్నవి, పాతవి. అందుకే నాకు మిగిలిన ఒకే ఒక్క సందేహం కూడా ఇదే. దానికి మందు ఏడాదికోసారి ఒళ్లంతా చూడటం, అవసరం తీరాక లైట్ ఆపేయడం. గదిలోంచి పంపించేయడం కాదు కదా.

దాచుకోవడం నేర్పుతున్నాం

క్లినిక్ నుంచి వచ్చాక తమ్ముడు అన్నమాట నన్ను ఇప్పటికీ కలవరపెడుతోంది. "ఇంకోచోటికెల్దాం అక్కా, ఈసారి జబ్బు సంగతి సెప్పొద్దు. ఉట్టి సోరియాసిస్ అందాం." ఆ మాటకి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను, ఎందుకంటే చెప్పకపోతే లైట్ దొరుకుతుంది. అతనికి సెప్ట్రాన్ ఎప్పుడో ఆపేశారు కాబట్టి పెద్ద ప్రమాదం కూడా ఉండకపోవచ్చు. కానీ ఇదే పని సెప్ట్రాన్ వేసుకుంటున్న మనిషి చేస్తే? ఏ మందులు వాడుతున్నావని డాక్టరు అడిగినప్పుడు "ఏం లేవండీ" అంటాడు, మామూలు డోసు పెడతారు, ఒళ్లు కాలుతుంది, చూశారా హెచ్‌ఐవీ వాళ్లకి లైట్ పడదని మళ్లీ మనమే అంటాం.

నా వాదనకి గుండెకాయ ఈ ముక్కే. జాగ్రత్త కోసం కాదంటున్నామని క్లినిక్ వాళ్లు అనుకోవచ్చు, కానీ ఆ కాదనడం వల్లే మనుషులు దాస్తారు, దాచినప్పుడే ఈ ట్రీట్‌మెంట్ ప్రమాదమవుతుంది. చెప్పినవాడిని గౌరవంగా చూస్తేనే రెండోవాడు చెప్తాడు. హెచ్‌ఐవీ ఎయిడ్స్ చట్టం 2017లో వచ్చి 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించడం, మధ్యలో ఆపేయడం వివక్ష కిందికే వస్తుందని అందులో ఉంది, మనిషి స్టేటస్ గుట్టుగా ఉంచాలని ఉంది, ఫిర్యాదులకి రాష్ట్రంలో అంబుడ్స్‌మన్ ఉండాలని ఉంది. కానీ హార్బర్‌లో పనిచేసే మనిషి ఫిర్యాదు చేస్తే తన పేరు నలుగురికీ తెలుస్తుందని భయపడతాడు, అతన్ని నేను తప్పు పట్టలేను.

చివరికి దాచలేదు. వేరే చోట ఒక మేడమ్ దగ్గరికి వెళ్లాం, ఏఆర్‌టీ పుస్తకం బల్ల మీద పెట్టి అంతా చెప్పాడు. ఆవిడ ముందు మందుల లిస్టు చదివారు, సెప్ట్రాన్ ఎప్పుడు ఆపారు అని అడిగారు, ఎండకి ఎప్పుడైనా ముఖం కందిందా అని అడిగారు, వైరల్ లోడ్ కాగితం చూశారు, లైట్ రాశారు. నిజానికి జరగాల్సిందంతా ఇంతే. ఇప్పుడు వీపు చాలా శుభ్రపడింది, మోచేతులు పల్చబడ్డాయి, పిక్కలు మాత్రం ఆలస్యం. చర్మం కొంచెం నల్లబడింది, అది ఉంటుందని ముందే చెప్పారు. తలలో జుట్టు అడ్డం కాబట్టి లైట్ పనిచేయదు, అక్కడ తారు షాంపూ, లోషనే.

దూరం మాటేమిటి

మా తమ్ముడు ఊళ్లోనే ఉన్నాడు, వారానికి రెండు మూడుసార్లు చొప్పున నెలల తరబడి వెళ్లగలుగుతున్నాడు. అయినా ప్రతిసారీ ఒక పూట కూలి పోతుంది. పాడేరు వైపు నుంచి వచ్చే ఒకావిడ ఏఆర్‌టీ సెంటర్లో తమ్ముడికి పరిచయం. ఆవిడకి చేతులకి, కాళ్లకి దురద పొక్కులు, మానినా నల్లమచ్చలు మిగులుతాయి, అవి చూసే ఊళ్లో జనం గుర్తుపట్టేస్తున్నారని చీర కొంగు చేతుల మీద కప్పుకుని తిరుగుతుంది. సీడీ4 తక్కువగా ఉన్నవాళ్లలో ఈ పొక్కులు చాలా మామూలు. పురుగులు, దోమలు కుట్టినప్పుడు శరీరం అతిగా స్పందించడం వల్ల వస్తాయని ఉగాండాలో చేసి 2004లో ప్రచురించిన ఒక స్టడీ చెప్పింది. వీటికి కూడా యూవీబీ పనిచేస్తుంది. కానీ మందులేమో నెలలకి సరిపడా ఒకేసారి ఇస్తున్నారు, లైట్ కోసమేమో వారానికి మూడుసార్లు ఘాట్ దిగి రమ్మంటే ఎవరు రాగలరు? డాక్టరు రాయకపోవడం ఒక రకం నిరాకరణ అయితే, రాసినా అందకపోవడం ఇంకో రకం.

2024లో అమెరికాలో 783 మంది సోరియాసిస్ పేషెంట్ల మీద చేసిన LITE అనే పేరున్న ట్రయల్ ఫలితాలు వచ్చాయి. ఇంట్లో చిన్న మెషీన్‌తో లైట్ పెట్టుకున్నవాళ్లకి, క్లినిక్‌కి వెళ్లి పెట్టించుకున్నవాళ్లకి ఏ మాత్రం తీసిపోకుండా తగ్గింది. అది హెచ్‌ఐవీ వాళ్ల కోసం చేసిన స్టడీ కాదు, మన ఇళ్లలో ఒక్కో మెషీన్ కొనడం అయ్యే పని కూడా కాదు. కానీ పేషెంటే నడపగలిగిన మెషీన్‌ని పాడేరులోనో నర్సీపట్నంలోనో ప్రభుత్వాసుపత్రిలో ఒక నర్సు నడపలేదా? డోసు చార్టు వైజాగ్‌లో చర్మ డాక్టరు రాసిచ్చి, నెలకోసారి చూస్తే సరిపోదా? ఒక ప్యానెల్ మెషీన్ హెచ్‌ఐవీ వాళ్లకే కాదు, బొల్లి ఉన్న పిల్లలకి, మామూలు సోరియాసిస్ ఉన్న ముసలాళ్లకి కూడా పనికొస్తుంది. అందరూ వాడే మెషీన్ అయితే ఆ గదిలోకి వెళ్లినవాళ్లకి ఏ జబ్బో బయట ఎవరికీ తెలియదు కూడా.

ఇది చదివేవాళ్లలో ఎవరికైనా, ఎవరి ఇంట్లోనైనా ఈ అవసరం ఉంటే, స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వైరల్ లోడ్, సీడీ4 రిపోర్టులు, వేసుకుంటున్న ప్రతి మాత్ర పేరు రాసుకుని వెళ్లండి, సెప్ట్రాన్ ఉంటే అడగకపోయినా చెప్పండి. మొదటి సిట్టింగ్ అయ్యాక మర్నాడు చర్మం ఎర్రబడిందా చూసుకుని తర్వాతిసారి వాళ్లకి చెప్పండి. హెచ్‌ఐవీ ఉంది కాబట్టి లైట్ పెట్టం అంటే, ఆ మాటే ఓపీ చీటీ మీద రాసి సంతకం పెట్టి ఇవ్వమని మర్యాదగా అడగండి.